మొన విరిగిన చాకు

గురువుగారి చాకు మొన విరగ్గొట్టిన సంగతి ఓబులేసు ఎవరికీ చెప్పలేదు. చెబితే తన పరువేం కావాలి?

కడపలో పాతసామాన్ల అంగడి అతనిది. గడియారం, నాణెం, ఇత్తడి చెంబు, ఏది తెచ్చినా అటూ ఇటూ తిప్పి లోపం పట్టేసేవాడు. "ఇక్కడ అతుకేశారు. ఇక్కడ అరగదీశారు," అంటూ వేలు పెట్టి మరీ చూపించేవాడు. తెచ్చినవాడి మొహం చిన్నబోతే ఓబులేసుకు ఆ పూట అన్నం కాస్త ఎక్కువే సహించేది. పెళ్లి భోజనానికి వెళ్లినా పళ్లెం తిరగేసి చూసి గానీ కూర్చోడని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు.

అలాంటి మనిషికి ఒక్కచోటే తల వంగేది, ఊరి చివర చిన్న దర్గాలో ఉండే తన గురువు లతీఫ్ సాహెబు దగ్గర. గురువారం సాయంత్రం ఫాతిహా చదవడం అయ్యాక సాహెబు చాప మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ జామకాయలు కోసి పెట్టేవాడు. ఆయన చాకు చాలా పాతది. దుప్పికొమ్ము పిడి, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయేది. ఆయన గురువు ఆయనకిచ్చాడు. కాయలో పుచ్చు కనబడితే సాహెబు చాకు మొనతో అంతవరకే తీసేసి, తక్కినది పంచిపెట్టేవాడు.

కోయడం అయ్యాక చాకు మడిచి చాప మీద పెట్టేవాడు. ఓబులేసు అక్కణ్నుంచి తీసుకుని, తుడిచి, గూట్లో దాచేవాడు. చాకు చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ గొడవలొస్తాయని అక్కడివాళ్ల నమ్మకం. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఆ పద్ధతి తప్పలేదు.

ఆ చాకు మీద ఓబులేసుకు మొదటినుంచీ కన్నే. కాజేయాలని కాదు పాపం, ఆరా తీయాలని. కోసే అలుగు మీద, పిడి పక్కన, సగం చెరిగిన ముద్ర ఒకటుంది. అది ఏ ఊరి పనో, ఏ కాలానిదో తేల్చందే అతనికి నిద్రపట్టేలా లేదు. ఒక మధ్యాహ్నం సాహెబు నమాజులో ఉండగా, అడక్కుండా గూట్లోంచి చాకు తీశాడు. ఒక చేత్తో చాకు, ఇంకో చేత్తో భూతద్దం పట్టుకుని వెలుగు కోసం గడప దాకా నడిచాడు. చూపంతా ముద్ర మీదే ఉంది. చాకు చేజారి, మొన కిందుగా కడప బండ మీద పడింది. బియ్యపు గింజంత ముక్క విరిగిపోయింది.

ఓబులేసు చుట్టూ చూశాడు. చాకు జేబులో వేసుకుని అంగడికి పరిగెత్తాడు. సానరాయి మీద నిదానంగా అరగదీసి కొత్త మొన తీర్చాడు. ఎందరి గుట్టో బయటపెట్టినవాడు కదా, ఎలా చేస్తే బయటపడదో కూడా అతనికే బాగా తెలుసు. సాయంత్రానికల్లా చాకు గూట్లో ఉంది.

తరువాతి గురువారం సాహెబు జామకాయ కోశాడు. లోపల పుచ్చు కనబడింది. ఈసారి చాకు పక్కన పెట్టి, గోటితో గిల్లి తీశాడు. ముసలాయనకు చూపు ఆనడం లేదు కాబోలనుకున్నాడు ఓబులేసు. ఆ పై గురువారమూ గోటితోనే తీశాడు. ఆ తరువాతా అంతే. ఓబులేసుకు జామకాయ ముక్క గొంతు దిగడం మానేసింది.

ఇలా ఉండగా ఒకరోజు సాహెబు అతన్ని పిలిచాడు.

"ఓబులేసూ, దర్గా వంటపాక రేకులు తుప్పుపట్టినాయి గదప్పా. వానలొస్తే పొయ్యి తడిసిపోతాది. బెంగుళూరు నుంచి దినకరరావని ఒకాయన రేపొస్తాండాడు. పాత చాకులు కూడబెట్టే మనిషంట. మన చాకు అడిగినాడు, ఇచ్చేద్దాం."

"అది మీ గురువుగారిది గదా సామీ!"

"పొయ్యి కూడా ఆయన పెట్టిందే. వెల నువ్వే చెప్పాల. నాకేం తెలుసు?"

ఇంటికి వెళ్లిన ఓబులేసుకు ఏం చేయాలో పాలుపోలేదు. మంచి చాకుకు చెప్పే వెల చెబితే వచ్చినాయన్ని మోసం చేసినట్టు. తగ్గించి చెబితే ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. చెబితే ఇక సాహెబు ముఖం చూడగలడా? ఆయన వద్దంటే తను ఇంకెక్కడికి పోవాలి?

మర్నాడు గురువారం. దినకరరావు రానే వచ్చాడు. చాకు తెరిచి, మూసి, ఆ చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పిడి మీద సన్నటి పగులు వేలితో తడిమాడు.

"ఇది వయసు తెచ్చిన పగులు. దీన్ని నేను లోపంగా లెక్కపెట్టను," అన్నాడు. "అలుగు చెడకుండా ఉంటే చాలు. ఓబులేసుగారూ, మీ కంటి గురించి మా వైపు కూడా చెప్పుకుంటారు. మీరు బాగుందంటే నేను మళ్లీ చూడను. వెల ఎంతో మీరే చెప్పండి."

సాహెబు బుట్ట ముందుకు లాక్కుని జామకాయలు ఏరుకుంటున్నాడు.

వెల చెప్పడానికి ఓబులేసు నోరు తెరిచాడు. సాహెబు బొటనవేలి గోరు కంటబడింది. గిల్లి గిల్లి దాని అంచు నల్లబడి ఉంది.

"బాగాలేదు సార్," అన్నాడు. "మడిచి చూడండి. మొన పిడి గాడి చివరిదాకా రావాల. రాలేదు. విరిగితే అరగదీసినారు. అరగదీసింది నేనే. అడక్కుండా తీసి బండ మీద పడేసింది కూడా నేనే."

దినకరరావు చాకు మడిచి, వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

"మీరు చెప్పకపోతే నాకు దొరికేది కాదు," అన్నాడు. "కానీ చెప్పాక దీన్ని నేను తీసుకోలేను. ఏమనుకోవద్దు." చాకును చాప మీద పెట్టి, సాహెబుకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఓబులేసు తల ఎత్తలేకపోయాడు. "సామీ, రేకులు..."

"వానలింకా రాలేదు గదప్పా."

సాహెబు చాకు తెరిచి ఒక కాయను సగానికి కోశాడు. లోపల పుచ్చుంది. ఓబులేసు ఆయన వేళ్లవంకే చూస్తున్నాడు. ఈసారి సాహెబు చాకు పక్కన పెట్టలేదు. ఓబులేసు తీర్చిన కొత్త మొన ఆనించి, పుచ్చున్నంతవరకే ఒడుపుగా తీసేశాడు. తక్కిన ముక్క అతని చేతిలో పెట్టాడు.

ఓబులేసుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్ని వారాలుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయి, హాయిగా ఊపిరి ఆడింది. ముక్క నోట్లో వేసుకున్నాడు. తియ్యగా గొంతు దిగింది.

సాహెబు చాకు తుడిచి మడిచాడు. చాప మీద పెట్టలేదు. ఓబులేసు అరచేయి తెరిచి అందులో ఉంచాడు.

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. "చేతికిస్తే గొడవలొస్తాయంటారే సామీ!"

"వచ్చేది వచ్చి పోయింది గదప్పా," అన్నాడు సాహెబు, జామకాయల బుట్ట అతని ముందుకు జరుపుతూ. "కొయ్యి."