ట్యాంకు కింద ఒక్క పూట

కొండ దాపున ఒక ఊళ్లో అప్పలసూరి అనే వెల్డరు, ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత ఏసీ కరెంటు వెల్డింగ్ మిషన్‌తో పనులు చేసుకునేవాడు. అతను అతికిన నీళ్ల ట్యాంకు స్టాండు కూలి, కింద బిందెతో నీళ్లు పట్టుకుంటున్న సింహాలమ్మ చనిపోయింది.

పంచాయతీలో సర్పంచి జగ్గభూపతి తేల్చేశాడు. "ఏసీ మంట నిలకడగా ఉండదు. మా వర్క్‌షాపులో ఉన్న డీసీ మిషన్‌తో అతికి ఉంటే స్టాండు నిలిచేది. తప్పు వీడిదే."

అతుకులు ఊడలేదు, వాటి పక్కన ఇనుమే చిరిగింది. ఆ ఇనుము తెచ్చి ఇచ్చింది సర్పంచే. కానీ ఆ మాట అప్పలసూరి చెబితే నమ్మేదెవరు?

"తమరన్నదే నిజం కావచ్చు బాబూ," అన్నాడతను చేతులు కట్టుకుని. "మీరిచ్చిన ఇనుము సగం మిగిలింది. దాన్నే మీ డీసీ మిషన్‌తో అతికి స్టాండు నిలబెడతాను. ట్యాంకు నింపాక, ఊరి భయం పోయేలా తమరు ఒక్క పూట దాని కింద కూర్చోండి."

"ఆ తుప్పు ఇనుము కింద నేను కూర్చోవాలా?" అన్నాడు సర్పంచి.

సింహాలమ్మ మొగుడు గురయ్య లేచి వచ్చి సర్పంచి ఎదురుగా నిలబడ్డాడు. "తుప్పని నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

అప్పలసూరికి నింద నుంచి బయటపడ్డానన్న సంతోషం కలగలేదు. తుప్పు చూసి కూడా నోరు మూసుకుని అతికింది తనే.