కొమ్ము ముందు, మెడ తరువాత

గోదావరి రెండు కొండల నడుమ ఒదిగి ప్రవహించే చోట పాపికొండల అడవి ఉంది. ఆ అడవిలో కణుజులు, ముళ్ళపందులు, కొండముచ్చులు, కొమ్మ మీంచి కొమ్మకు దూకే పెద్ద ఉడుతలు కాపురం ఉండేవి. చింతవాగుకు ఇవతలి గట్టున, వెదురు పొదల మధ్య, అడవి దున్నల మంద ఒకటి ఉండేది. భగవంతుడు కుందేలుకు కాళ్ళలో బలం పెట్టాడు, డేగకు కంటిలో పెట్టాడు, మనకు నుదుటిలో పెట్టాడు అని ఆ మందలో పెద్దలు చెప్పుకునేవారు.

ఆ మందలో పూలచ్చి అనే తల్లి ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, పేరు అబ్బులు. దున్నల తీరు ప్రకారం వాడి తండ్రి పై కొండల్లో ఒంటరిగా తిరిగేవాడు. ఏడాదికోసారి వచ్చి చూసి పోయేవాడు. కాబట్టి పిల్లవాడి మంచీ చెడూ పూలచ్చిదే.

తొలకరి పడి పచ్చిక లేచాక వాగు పక్క మైదానంలో వెలగపండు ఆట జరిగేది. ఇవతలి మంద ఒక పక్క, అవతలి గట్టు మంద ఒక పక్క. వెలగపండును మూతితో దొర్లించుకుంటూ పోయి ఎదుటివాళ్ళ బండరాయికి తాకించాలి. పండు ఎవరి దగ్గరుంటే వారిని ఎవరైనా నుదుటితో ఢీకొట్టి పడేయవచ్చు. చూసేవాళ్ళకు ఒళ్ళు పులకరించేది. కొండముచ్చులు చెట్టెక్కి కూర్చుని, ఎవడు పడ్డాడో ఎవడు లేచాడో అడవంతటికీ వినిపించేలా చెప్పేవి.

ఆ ఆటకు ఒక అర్థం కూడా ఉంది. రేచుకుక్కలు గుంపు కట్టి మీద పడితే పెద్ద దున్నలు గుండ్రంగా నిలబడాలి. దూడల్ని లోపల పెట్టి, నుదుళ్ళు బయటికి పెట్టి, దెబ్బ కాచుకోవాలి. బెదరకుండా నిలబడడం ఆ ఆటలోనే అలవాటయ్యేది.

మందకు పెద్ద వీర్రాజు. ఆయన పూలచ్చి భర్తకు అన్న. చెడ్డవాడు కాడు. కరువొచ్చిన ఏడు మందనంతా నీళ్ళున్న చోటికి నడిపించినవాడు. కానీ వెలగపండు ఆటలో అవతలి గట్టు మంద రెండేళ్ళు వరసగా గెలిచింది. ఆ సంగతి ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకని ఈ ఏడు చిన్న దూడల్ని కూడా ఆటలోకి దింపాలనుకున్నాడు.

దూడల్ని ఏరడానికి ఆయనకో పద్ధతి ఉంది. దూడను పిలిచి తల మీద నాలుకతో ఒక్కసారి నాకేవాడు. నాలుకకు కొమ్ము గరుకుగా తగిలితే చాలు, "పనికొస్తాడు" అనేవాడు. ఆ మాట వినడానికి దూడలన్నీ వరసలో నిలబడేవి.

ఆ రోజు ముందుగా తన కొడుకు సూరిని నాకి చూశాడు. తరువాత అబ్బులును చూశాడు. ఇద్దరూ రెండో వాన చూస్తున్న దూడలు, ఒకే వారంలో పుట్టినవాళ్ళు. ఇద్దరినీ పనికొస్తారన్నాడు.

అబ్బులు గంతులు వేసుకుంటూ తల్లి దగ్గరకు వచ్చాడు. పూలచ్చి వాడి తల నాలుకతో నిమిరింది. మొలకల్లా రెండు కొమ్ములు తగిలాయి. ఆ కింద మెడ మాత్రం ఇంకా అరటిబోదెలా మెత్తగానే ఉంది. ఆమెకు ఆ పూట మేత సహించలేదు.

తోటి తల్లులకు ఆమె దిగులు తెలిసింది. దూడను ఇంకా పొదుగు కిందే దాచుకుంటావా అని ఒకతె నవ్వింది. మీ వాడికి పూలదండలు గుచ్చడం నేర్పించు పిల్లా అని ఇంకొకతె అంది. పూలచ్చి కూడా వాళ్ళతో పాటు నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం ఏమీ తేలలేదు. పంపితే భయం, ఆపితే కొడుకు నలుగురిలో చిన్నబోతాడు. రేపు పెద్దయ్యాక రేచుకుక్కల ముందు నిలబడలేకపోతే ఆ పాపమూ తనదే.

మర్నాడు పొద్దున్నే ఆమె వరాలమ్మ మామ్మ దగ్గరకు వెళ్ళింది. మామ్మ మందలో అందరికంటే పెద్దది. ఎవరు ఏ చెట్టు పూసినప్పుడు పుట్టారో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెను అడగాల్సిందే. వాగు ఒడ్డున ఉప్పుమట్టి నాకుతూ, రామనామం చెప్పుకుంటూ కూర్చుని ఉంది. పక్కనే నూకన్న తాత పుట్టకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

నూకన్న తాత సంగతి మందలో అందరికీ తెలుసు. మేసిన సంగతి మరచిపోయి మళ్ళీ మేతకు బయలుదేరేవాడు. ఎవరు ముందు నడిస్తే వాళ్ళ వెనక పోయేవాడు. దూడలు రోజుకు పదిసార్లు వెళ్ళి, తాతా మేత తిన్నావా అని అడిగేవి. ఆయన ప్రతిసారీ ఎంతో మర్యాదగా, ఇంకా లేదు నాయనా అనేవాడు. దూడలు పడీ పడీ నవ్వేవి. అబ్బులు కూడా నవ్వినవాడే. ఆయన పుట్టుకే అంత అని పెద్దలు చెప్పేవారు.

పూలచ్చి తన బాధ చెప్పుకుంది. మామ్మ నూకన్న వైపు చూసి నెమ్మదిగా అంది.

"వీడు నా తమ్ముడు. వీడి పుట్టుక అంత కాదమ్మా. మా ఈడు దూడల్లో వీడంత చురుకైనవాడు లేడు. రెండో వానకే ఆటలో దింపారు. ఒకసారి దెబ్బ తగిలి లేచాడు. అందరూ శభాష్ అన్నారు. ఆ పూటే రెండోసారి తగిలింది. అప్పటినుంచి ఇలాగే ఉన్నాడు."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని పూలచ్చి అడిగింది. మందకు నామోషీ అని తన తల్లి చెప్పనివ్వలేదని మామ్మ అంది. చెప్పకపోతే ఏమవుతుందిలే అనుకున్నానని, ఆ తప్పు తనను ఇప్పటికీ తింటోందని చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంది. నూకన్న తాత దగ్గరకు వచ్చి, ఏడుస్తున్నది ఎవరో పోల్చుకోకుండానే ఆమె చెంప నాకాడు.

మామ్మ ఇంకో మాట కూడా చెప్పింది.

"కొమ్ము ముందొస్తుంది పూలచ్చీ, మెడ తరువాత వస్తుంది. దేవుడు పెట్టిన వరస అది. మా అమ్మమ్మల నాడు మూడో వాన దాటేదాకా దూడలకు మూతితో తాకే ఆటే ఉండేది. పండు తీసుకుపోయేవాడిని మూతితో ముట్టుకుంటే చాలు, వాడు ఆగిపోవాలి. ఢీకొట్టడం మెడ ముదిరాకే."

పూలచ్చి ఇంటిదారి పట్టింది. అబ్బులును కూర్చోబెట్టి నూకన్న తాత కథ దాచకుండా చెప్పింది. ఆట వద్దని తను అనడం లేదని, ఇంకో రెండు వానలు ఆగమంటున్నానని చెప్పింది. అబ్బులు ముఖం ముడుచుకున్నాడు. సూరిది తన ఈడే కదా, వాడికి లేని భయం తనకెందుకన్నాడు. మూడు రోజులు తల్లి పక్కన మేయలేదు. కానీ నూకన్న తాతను మేత తిన్నావా అని అడగడం మాత్రం ఆ రోజుతో మానేశాడు.

తరువాత ఆమె వీర్రాజు దగ్గరకు వెళ్ళింది. బావగారి ఎదుట ఎన్నడూ గట్టిగా మాట్లాడినది కాదు. తల వంచుకునే చెప్పింది.

"బావగారూ, మా అబ్బులు ఈ ఏడు ఆడడండి. మీ సూరిని కూడా ఆపితే బాగుంటుంది. మెడలు చూడండి ఒక్కసారి."

"మెడలు చూసి ఆడతామా అమ్మాయ్? ఆడితేనే మెడలొస్తాయి," అన్నాడు వీర్రాజు. "నీ కొడుకు నీ ఇష్టం. నా కొడుకు మాత్రం సింహంలా దిగుతాడు."

ఆమె నూకన్న సంగతి ఎత్తింది. ముసలమ్మ మాటలకేం అని ఆయన నవ్వేశాడు. నవ్వాడు గాని, వెళ్ళేటప్పుడు నూకన్న నిలబడ్డ పుట్ట వైపు ఒకసారి తిరిగి చూశాడు.

ఆట రోజు వచ్చింది. మైదానం చుట్టూ రెండు మందలూ కిక్కిరిసి నిలబడ్డాయి. అబ్బులు తల్లి పక్కన నిలబడి గిట్టలతో నేల గీరుతున్నాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు. చూసి పూలచ్చికి తాను చేసింది తప్పేమో అనిపించింది.

సూరి నిజంగానే సింహంలా దిగాడు. పండు దొర్లించుకుంటూ ముగ్గురిని తప్పించుకుని పోయాడు. నాలుగోవాడు ఎదురుగా వచ్చాడు. రెండు తలలూ కొట్టుకున్న చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చింది. సూరి పక్కకు ఒరిగిపోయాడు. అంతలోనే లేచాడు. కాళ్ళు కాస్త తడబడ్డాయి. మంద అంతా శభాష్ అంది. లేచాడు చూడండి, వీర్రాజు కొడుకంటే అదీ అని కొండముచ్చులు అరిచాయి. వీర్రాజు గుండె పొంగిపోయింది.

నీళ్ళు తాగడానికి ఆట కాసేపు ఆగింది. అబ్బులు సూరిని పలకరించడానికి పరిగెత్తాడు. వెంటనే తిరిగొచ్చాడు. వాడి ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆట ఎప్పుడు మొదలవుతుందని సూరి నన్ను మూడుసార్లు అడిగాడే. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతున్నాడు."

పూలచ్చికి నూకన్న తాత గుర్తొచ్చాడు. అప్పటికే దూడలు మళ్ళీ మైదానంలోకి దిగుతున్నాయి. తల్లులు మైదానం చుట్టూ గీసిన గిరి దాటి లోపలికి పోవడం ఆ అడవిలో ఎన్నడూ లేదు. రామా, నువ్వే దిక్కు అనుకుని ఆమె గిరి దాటింది. నేరుగా పోయి సూరికి అడ్డంగా నిలబడింది. వాడు ఆమె పొట్ట కిందకు తల దూర్చి, పాలు తాగే పసిదూడలా నిలబడిపోయాడు.

రెండు మందలూ గొల్లున నవ్వాయి. దూడల ఆటలోకి పెద్దమ్మలు కూడా దిగారు, ఇక గెలిచినట్టే అని అవతలి గట్టువాళ్ళు ఎగతాళి చేశారు. వీర్రాజు కోపంతో బుసకొడుతూ వచ్చాడు.

"పక్కకు జరుగమ్మాయ్. మంద పరువు తీస్తున్నావు."

పూలచ్చి కదలలేదు.

"జరుగుతాను బావగారూ. ముందు వాణ్ణి ఒక్క మాట అడగండి. చింతవాగు ఏ పక్కనుందో చెప్పమనండి. చెప్తే నేనే వాణ్ణి ఆటకు పంపుతాను."

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు వీర్రాజు. వాగు పక్కనే గలగలమంటోంది. కొడుకు వైపు తిరిగి అడిగాడు.

సూరి తల ఎత్తి తండ్రిని చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత ఎంతో మర్యాదగా అన్నాడు.

"ఏ వాగు నాయనా?"

నవ్వులు ఆగిపోయాయి. కొండముచ్చులు కూడా నోరు మూసుకున్నాయి. వీర్రాజు, అంత పెద్ద దున్న, ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. తరువాత కొడుకు పక్కకు వచ్చి, వాడి భుజానికి తన భుజం ఆనించి, అడుగులో అడుగు వేయిస్తూ మైదానం బయటికి తీసుకుపోయాడు. వెలగపండు అక్కడే ఉండిపోయింది. మూడో ఏడు కూడా అవతలి గట్టు మందే గెలిచింది.

సూరి ఆ వానాకాలమంతా వెదురు నీడలోనే పడుకున్నాడు. వెలుతురు చూస్తే వాడికి తల పగిలిపోయేది. వీర్రాజు లేత వెదురు మొలకలు నోట కరుచుకుని వచ్చి తినిపించేవాడు. అబ్బులు రోజూ వెళ్ళి పక్కన కూర్చునేవాడు. మొదట మాటలు వచ్చాయి, తరువాత దారులు గుర్తుకొచ్చాయి. రెండో దెబ్బ తగలలేదు కాబట్టి మనకు వాడు దక్కాడని వరాలమ్మ మామ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. కానీ ఎండ ఎక్కువైతే సూరి తల దించుకుని ఆగిపోయేవాడు. ఢీకొట్టే ఆట మాత్రం వాడికి మళ్ళీ పనికిరాలేదు.

ఒకరోజు వీర్రాజు పూలచ్చి దగ్గరకు వచ్చాడు.  మెడ ఎలా చూడాలో మామ్మను అడిగి నాకు చెబుతావా అమ్మాయ్ అన్నాడు. పూలచ్చి ఆయనను ఒక్క మాట కూడా దెప్పలేదు. మామ్మ దగ్గరకు తనే వెంట తీసుకువెళ్ళింది.

మరుసటి ఏడు నుంచి మూడో వాన దాటని దూడలు మూతితో తాకే ఆటే ఆడాయి. అవతలి గట్టువాళ్ళు మొదట నవ్వారు. వాళ్ళ తల్లులు ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి పోయాక ఆ నవ్వు తగ్గింది. తాకే ఆటలో అబ్బులు మెరుపులా పరిగెత్తడం నేర్చుకున్నాడు. ఎదురొచ్చేవాడిని రెండు అడుగుల ముందే కనిపెట్టి పక్కకు తప్పుకునేవాడు.

నాలుగో వాన వచ్చేసరికి వాడి మెడ మద్దిమానులా గట్టిపడింది. ఆడనా అమ్మా అని అడిగాడు. పూలచ్చికి భయం పోలేదు. తల్లి భయం ఎప్పటికీ పోయేది కాదు. అయినా మాట ప్రకారం వాడి నుదురు నాకి, వెళ్ళిరా నాయనా అంది. వాడు దిగాడు. దెబ్బ కాచుకున్నాడు, దెబ్బ కొట్టాడు, పండును రెండుసార్లు బండకు తాకించాడు. ఇంకొక్కసారి తాకితే ఇవతలి మందదే గెలుపు.

అప్పుడే అబ్బులు జట్టులో అందరికంటే బలమైన గిత్త ఒకడు కిందపడి లేచాడు. వాడి కాళ్ళు తడబడ్డాయి. మంద శభాష్ అనబోయింది. అంతలో అందరికంటే ముందు గిరి దాటి మైదానంలోకి నడిచాడు వీర్రాజు. గెలిచే ఆటను మధ్యలో ఆపి, ఆ గిత్త ముఖంలో ముఖం పెట్టి మెల్లగా మాట్లాడాడు. తరువాత వాడి భుజానికి తన భుజం ఆనించి బయటికి తీసుకొచ్చాడు. ఈసారి ఏ గట్టు నుంచీ ఎవరూ నవ్వలేదు.

నీతి: పిల్లలకు ఎంత ఉబలాటం ఉన్నా, ఒళ్ళు ముదిరాకే మొరటు ఆటకు పంపాలి, దెబ్బ తగిలిన బిడ్డను పక్కకు పిలవడానికి పెద్దలు సిగ్గుపడకూడదు.