ఏరి ఇచ్చిన మాత్ర

హకీము పంపిన బియ్యంతో వండిన అన్నం ఖాసిం గొంతు దిగడం మానేసింది.

ఆ ఊళ్ళో నేతగాళ్ళే ఎక్కువ. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూర్చునేవాళ్ళు. తల నెరవకముందే మోకాళ్ళు పట్టేసేవి. ఆ నొప్పికి జలాలుద్దీన్ హకీము ఇచ్చే నల్ల మాత్రలు బాగా పనిచేసేవి. కానీ ధర వినగానే నేతగాడు నొప్పే నయమనుకుని వెనక్కి తిరిగిపోయేవాడు.

అదే హకీము నెలనెలా ఊరి బయట ఫకీర్లు మకాం ఉండే తకియాకు బియ్యం బస్తా పంపేవాడు. తకియాలో ఉండే గురువు అమీన్ షా కాదనకుండా పుచ్చుకునేవారు.

శిష్యుడు ఖాసింకు ఇది మింగుడు పడలేదు. బియ్యం ఊరికే ఎందుకు వస్తాయి? ఆ ధర మీద గురువు నోరు మూయించడానికి కాకపోతే? ఇద్దరికీ లోపల ఏదో లాలూచీ ఉందనుకున్నాడు. అన్నం మాని జొన్నరొట్టె తినసాగాడు. అమీన్ షా అది గమనించారు. ఎందుకని అడగలేదు. తన ముందున్న రొట్టెలు కూడా అతని వైపు జరిపారు.

బియ్యం బస్తా కోసం వెళ్ళినప్పుడల్లా ఖాసిం హకీము పెరడంతా కళ్ళతో గాలించి వచ్చేవాడు. అక్కడ కుండల్లో ముష్టి చెట్టు గింజలు పాలలో నానుతుండేవి. పనివాళ్ళు ఆ పాలు పారబోసి కొత్త పాలు పోసేవాళ్ళు. గింజల తొక్క ఒలిచేవాళ్ళు. మళ్ళీ నానబెట్టేవాళ్ళు. ఎప్పుడు వెళ్ళినా అదే తంతు.

ఇంతేనా ఆ నల్ల మాత్రల గుట్టు అనుకున్నాడు ఖాసిం. ముష్టి గింజలు కొండవాలున ఊరికే రాలి పడి ఉంటాయి. వాటితో కలిపి నూరే శొంఠి, మిరియాలు లేని ఇల్లు లేదు. ఈ నానబెట్టడాలూ పారబోయడాలూ అంత ధర చెప్పడానికి ఆడే నాటకం. ముష్టి విషమని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాడు. ఆ మాట కూడా హకీములే పుట్టించి ఉంటారు.

అతను గింజల్ని ఒక్కసారి పాలలో ఉడికించి, ఎండబెట్టి, నూరి మాత్రలు కట్టాడు. ముందు తనే ఒకటి మింగి చూశాడు. ఏమీ కాలేదు. దాంతో అతని అనుమానం రూఢి అయిపోయింది.

మాత్రలు ఊరికే పంచాడు. మంచం దిగలేని చాంద్‌బీ అనే ముసలమ్మ లేచి, బావికి పోయి నీళ్ళు తెచ్చుకుంది. దారిలో ఖాసిం కనిపిస్తే జనం చేతులెత్తి దీవించారు.

హకీము నుంచి తకియాకు కబురొచ్చింది. మీ శిష్యుణ్ణి ఆపండి అని.

"చూశారా బాబా, కడుపు మండింది" అన్నాడు ఖాసిం.

"ఆయన కడుపు సంగతి ఆయన చూసుకుంటాడు. నువ్వు ముష్టిని ఎట్లా శుద్ధి చేశావు?"

"చేయాల్సినంత చేశాను."

గురువు అడిగిన ఆ ప్రశ్న కూడా హకీము తరఫునే అనిపించింది ఖాసింకు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం సుంకన్న భార్య నారమ్మ తకియాకు వచ్చింది. సుంకన్న నేతగాడు. ఖాసిం దగ్గర మాత్రలు తీసుకున్నవాళ్ళలో ఒకడు. అరుగు మీద అమీన్ షా బొంత కుట్టుకుంటున్నారు. ఖాసిం వాకిలి ఊడుస్తున్నాడు.

"నాయనా, మా ఇంటాయన పొద్దున మగ్గంలో దిగినాడు. దవడ బిగుసుకపోయింది" అంది ఆమె ఖాసింతో. "మాట ముద్దగా వస్తాంది. నేను చెంబు కింద పెడితే ఆ చప్పుడుకే ఒళ్ళంతా ఎగిరెగిరి పడింది."

ఖాసింకు మొదట తోచింది హకీమే.

"మీ ఇంటికి హకీము మనుషులెవరన్నా వచ్చినారా? తినడానికి ఏమన్నా పెట్టినారా?"

"మా ఇంటికెవరొస్తారు నాయనా."

"మరి సుంకన్నే హకీము వీధికి పోయినాడా?"

"కాళ్ళాడితే కదా పోయేదానికి." ఆమె కొంగు ముడి విప్పింది. అందులో నల్ల మాత్ర ఉంది. "ఈ పూట మాత్ర ఏసుకోమంటావా, వద్దంటావా? నువ్వేమంటే అది. నా కోసరం చూస్తాంటాడు."

వేసుకోమను అనడానికి ఖాసిం నోరు తెరిచాడు.

"ఖాసిం" అన్నారు అమీన్ షా, సూది బొంతకు గుచ్చి. "నాకూ మోకాళ్ళు లాగుతున్నాయి. ఒకటి ఇవ్వు." అరచేయి చాపారు.

ఇన్నాళ్ళకు గురువు అడిగారు. ఖాసిం సంబరంగా లోపలికి వెళ్ళి మాత్రల మూకుడు తెచ్చాడు. ఒకటి తీశాడు. అది కాస్త పెద్దగా ఉంది, మూకుట్లో వేసేశాడు. ఇంకొకటి తీశాడు. దాని మీద సరిగా నలగని గింజ పలుకు కనిపించింది. అదీ వేసేశాడు. వేళ్ళతో అడుగుదాకా వెతికాడు. చివరికి అన్నిటికంటే చిన్నది, నున్నగా ఉన్నది దొరికింది.

దాన్ని పట్టుకున్నాడు కానీ చేయి ముందుకు పోలేదు.

అమీన్ షా అరచేయి అట్లాగే చాచి ఉంది.

"సుంకన్నకు పంపేటప్పుడు కూడా ఇట్లాగే ఏరావా?" అని అడిగారు.

ఖాసిం వేళ్ళ మధ్య మాత్ర చెమటకు మెత్తబడింది. నారమ్మ ఒకసారి గురువు వైపు, ఒకసారి శిష్యుడి వైపు చూసింది.

"వద్దమ్మా" అన్నాడు ఖాసిం. "అది వేయొద్దు. ఇటివ్వు. ఆయన దగ్గర ఎవర్నీ చప్పుడు చేయనీయొద్దు. నేను హకీముగారిని తీసుకొస్తాను."

చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

విన్న వెంటనే హకీము బయల్దేరాడు. సుంకన్న ఇంట్లో తలుపులు మూయించాడు, పక్కింటి మగ్గం ఆపించాడు. సుంకన్న దవడ వదిలేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. ఖాసింను ఒక్కటే అడిగాడు, "పాలు మళ్ళీ మార్చావా?" అని. ఖాసిం తల అడ్డంగా ఊపాడు. హకీము ముఖం తిప్పుకున్నాడు.

సుంకన్న బతికాడు. వెళ్తూ వెళ్తూ హకీము, వైద్యం కూలి కింద దండెం మీదున్న కొత్త పంచెను మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆ రోజంతా ఖాసిం ఇల్లిల్లూ తిరిగి మాత్రలు వెనక్కి అడిగాడు. కొందరు ఇచ్చారు. కొందరు తిట్టి ఇచ్చారు. చాంద్‌బీ మాత్రం పిడికిలి విప్పలేదు.

"నేను లేచింది వీటితోనే. ఇవి తీసుకుపోతే రేపు నన్ను లేపేదెవరు, నువ్వా?"

ఖాసిం ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఆమే పిడికిలి విప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మాత్రలన్నీ గొయ్యి తీసి పూడ్చి, ఖాసిం గురువు ముందుకు వచ్చాడు.

"బాబా, నేను చేసింది తప్పే. మరి సుంకన్న పంచె పట్టుకుపోవడం ఒప్పా?"

"కాదు."

ఆ మాట వస్తుందని ఖాసిం అనుకోలేదు. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది అడిగేశాడు.

"అయితే ఆయన బియ్యం ఎందుకు తీసుకుంటారు?"

"ఆకలితో వచ్చినవాళ్ళకు పెట్టడానికి. నువ్వు తినలేదు కానీ, సుంకన్న ఎన్నోసార్లు తిన్నాడు."

ఖాసిం తల దించుకున్నాడు.

"రేపు హకీము పెరట్లోకి పో. ముష్టి శుద్ధి చేయడం నేర్చుకో. ఆయన్ను అడిగి ఉంచాను" అన్నారు అమీన్ షా.

"ఆయన నన్ను నమ్మడు బాబా."

"నమ్మడు."

"నాకూ ఆయన మీద నమ్మకం లేదు."

"మంచిది" అన్నారు అమీన్ షా. "మందు నూరేచోట ఒకరి చేతి మీద ఒకరు కన్నేసి ఉంచేవాళ్ళే ఇద్దరుండాలి."