సత్తు పడవకు తొమ్మిదో చిల్లు

అనగనగా అని నేనన్నాను, ఊ అని మీరనాలి. ఊ కొట్టేవాళ్లుంటేనే నా కథ కదులుతుంది.

సముద్రానికి దగ్గర్లో, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పెక్కే ఒక ఏరు. ఏటికి ఇవతల రాజుగారి కోట, అవతల ఒక లంక. లంకలో నూరు గడప ఉంటుంది. వాళ్లకు ఉప్పు కావాలన్నా, మందు కావాలన్నా, పిల్లలకు నాలుగక్షరాలు రావాలన్నా ఏరు దాటాల్సిందే. దాటించేది ఒకే ఒక్క పడవ. మన ఇళ్లలో సత్తు గిన్నెలుంటాయి చూడండి, ఆ అల్యూమినియంతో చేసిన పడవ. తేలిగ్గా ఉంటుంది, పుచ్చదు, చెదలు పట్టదు. దాన్ని నడిపే సరంగు పేరు పోలయ్య.

రాజు మణిధరుడు మంచివాడే గాని కుర్రవయసు. ఒకనాడు ఆ పడవెక్కి షికారు చేసి, "ఇంత బోసిగా ఉందేమిటి?" అన్నాడు. అంతే, కొలువులో అలంకారాలు చూసే సొగసయ్య బరమా పుచ్చుకుని దిగాడు. బరమా అంటే తిప్పుతూ బెజ్జాలు వేసే పనిముట్టు.

మొదట గొడుగు. ముందువైపు బిగిస్తే గాలికి పడవ పక్కకు లాగేసింది. ఊడదీసి మధ్యకు మార్చారు. తరవాత దీపం. అది పోలయ్య కళ్లలోనే కొట్టి, దారి కనపడకుండా చేసింది. దాన్నీ మార్చారు. మూడోది వెండి హంస. దాని బరువుకు పడవ మూతి నీళ్లకు వంగింది. "అక్కడ కాదు, ఇక్కడ" అని రాజుగారు వేలు చూపించడం, సొగసయ్య బరమా తిప్పడం. వేలికేం, ఎటైనా తిరుగుతుంది. చిల్లు మాత్రం వేసినచోటే ఉంటుంది.

పాత చిల్లుల్లో సొగసయ్య లక్క కూరి, పైన నీలం రంగు పూశాడు. చూడముచ్చటగా ఉందని కొలువంతా మెచ్చుకుంది. నడిపేవాణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఎండలు ముదిరి లక్క మెత్తబడింది. ఒక ఉదయం ముప్పై మందితో నడి ఏట్లో ఉండగా పడవ అడుగున నీళ్లూరాయి. ఆడవాళ్లు కూరగాయల బుట్టలు ఏట్లో పారేసి, చెంబులతో, దోసిళ్లతో నీళ్లు తోడిపోశారు. పోలయ్య ఒళ్లు దాచుకోకుండా తెడ్డు వేశాడు. ఎలాగో బతికి ఒడ్డున పడ్డారు.

రాజుకు ఒళ్లు మండింది. "ఇకమీదట ఈ పడవకు అక్కర్లేని చిల్లు, పాతదైనా కొత్తదైనా, ఇంకొకటి బయటపడితే, వేసినవారు ఎంతవారైనా సరే, రాజ్యం విడిచిపోవాలి" అని చాటింపు వేయించాడు. పడవను బాగుచేయడానికి, ఊళ్లో బిందెలకూ గిన్నెలకూ మాట్లు వేసే గవరమ్మను పిలిపించాడు.

గవరమ్మకు అరవై దాటాయి. ఏటి ఒడ్డున తన గుడిసె తప్ప ఆమెకు ఇంకో చోటు తెలియదు. బిందె అరిగిపోవాలే గాని, ఆమె వేసిన మాటు ఊడదని పేరు.

ఆమె పడవను ఒడ్డుకు లాగించి, రెండు దుంగల మీద పెట్టించి, "లోపల నిండా నీళ్లు పోయండి" అంది.

జనం గొల్లున నవ్వారు. "నీళ్లలో పడవ వేస్తారు గాని, పడవలో నీళ్లు పోస్తారా? ఈవిడ బుర్ర మోకాల్లో ఉంది" అన్నాడు సొగసయ్య.

"నడి ఏట్లో నీళ్లు లోపలికొస్తే మనుషులు పోతారు బాబూ. ఒడ్డు మీద నీళ్లు బయటికొస్తే నేల తడుస్తుంది. ఏది నయం?" అంది గవరమ్మ.

నవ్వినవాళ్లే బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. ఆమె పడవ కిందికి పాకి, చుక్క జారిన ప్రతిచోటా సుద్దతో గుండ్రంగా గీత గీసింది. మొత్తం ఎనిమిది. బయటికొచ్చి సొగసయ్యను అడిగింది. "వేసింది నువ్వే కదా బాబూ, ఇంకేమైనా ఉన్నాయా?"

సొగసయ్యకు చాటింపు గుర్తొచ్చింది. "ఇంకేం లేవు" అన్నాడు.

ఇక ఆమె పని చూడాలి. లక్కనంతా గీకేసింది. ఒక్కో చిల్లులో సత్తు మేకు దూర్చి, నూనెలో నానిన తోలుబిళ్ల వేసి, లోపల పోలయ్య చేత ఇనప దిమ్మ పట్టించి, బయటినుంచి సుత్తితో తల అణిచింది. సొగసయ్య వాడిన రాగి మేకుల్ని కంటపడిన వాటినల్లా పీకేసింది. "ఈ ఉప్పునీటిలో రాగి పక్కన ఉంటే సత్తును తినేస్తుంది. ఆ రెంటికీ పొత్తు కుదరదు" అంది. చేత్తో తడిమితే మాటు ఎక్కడుందో తెలియనంత నున్నగా వచ్చింది. అలాంటి చేతులకు ఎవరైనా దండం పెట్టాల్సిందే.

గొడుగునూ దీపాన్నీ హంసనూ వెంటనే బిగించలేదు. ముందు తాళ్లతో కట్టి, మూడు రోజులు పోలయ్యను నడపమంది. "తాడు విప్పేస్తే మచ్చ కూడా ఉండదు. చిల్లు అలా కాదు" అంది. పోలయ్య సరేనన్నచోటే, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసి మరీ బరమా ఆనించేది.

బిగించడానికి మిగిలింది హంసకు ఒక్క కాలు. చుట్టూ చేరినవాళ్లు ఆహా ఓహో అంటున్నారు. గవరమ్మ కూడా మనిషే కదా. ఆ పొగడ్తల్లో పడి, లోపల తడమకుండానే బరమా తిప్పేసింది. లోపల అడ్డుబద్ద ఉంది. అది అడ్డొచ్చి మేకు తల అణచడానికి చోటు లేదు; చిల్లు రెండంగుళాలు ఇవతల పడాల్సింది.

ఎవరూ గమనించలేదు. పోలయ్య చద్దన్నానికి వెళ్లాడు. లక్క ముద్ద కూరి హంస కాలు పైన పెడితే సరి, దేవుడికి కూడా కనపడదు. ఆమె తలెత్తి తన గుడిసె వైపు చూసింది. ఈ వయసులో ఎక్కడికని పోతుంది?

చివరికి సుద్ద తీసి, ఆ చిల్లు చుట్టూ కూడా గీత గీసి, రాజును పిలిపించింది.

"ఇది నేను వేసిన తప్పు చిల్లు, మహాప్రభూ. మాటు వేసేసి, మీరు పొమ్మన్నచోటికి పోతాను" అంది.

రాజు నిర్ఘాంతపోయాడు. "ఎవరూ చూడలేదు కదా అవ్వా, ఎందుకు చెప్పావు?"

"మనుషులు చూడలేదు బాబూ. నీళ్లు చూస్తాయి. రేపు దీంట్లో ఎక్కేది లంక పిల్లలు."

రాజు తల దించుకున్నాడు. అందరూ వినేలా అన్నాడు. "అక్కడ కాదు, ఇక్కడ అని మొదటి చిల్లులన్నీ వేయించింది నేను. నా చాటింపు ప్రకారం ముందు నేనే పోవాలి. ఆ చాటింపు రద్దు. ఇకనుంచి తప్పు చెప్పుకున్నవాడికి శిక్ష లేదు."

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు సన్నగా వినిపించింది. అది సొగసయ్యది.

"అవ్వా, ఇంకొకటి ఉంది. వెనక బల్ల కింద, మూలన. లక్క పెట్టి, పైన రాగి బిళ్ల కొట్టాను. అందుకే నీళ్లు కారలేదు."

గవరమ్మ బల్ల కిందికి దూరి ఆ బిళ్ల ఊడదీసింది. రాగి తిన్నంతమేరా సత్తు తెల్లటి పిండిగా రాలింది. వేలితో నొక్కితే వేలు అవతలికి పోయింది. పదిరోజులు ఆగితే పడవ నడి ఏట్లోనే విడిపోయేది.

గవరమ్మ ఇనప దిమ్మ తీసి సొగసయ్యకు ఇచ్చింది. "రా బాబూ, లోపల దిమ్మ పట్టుకో" అంది. అతను పట్టుకున్నాడు. పాడైనంతమేరా కొత్త సత్తు రేకు పరిచి ఆమె సుత్తి ఎత్తింది. మర్నాడు లంక పిల్లలు ఒంటికి తడి అంటకుండా ఏరు దాటారు.

తప్పు చేసినవాణ్ణి బెదిరిస్తే చిల్లు దాక్కుని నలుగురినీ ముంచుతుంది; తప్పు చెప్పుకునే ఒక్కరి ధైర్యం నలుగురినీ ఒడ్డు చేరుస్తుంది.