రాజావారి మొహానికి చవక కార్డు

రాజ్యం పోయినా దర్పం పోని రాజావారి షష్టిపూర్తికి ఫొటోలు తీయడానికి నూకాలు వెళ్లింది. ఆమె కెమెరాలో ఉన్నది చవకరకం మెమరీ కార్డని తెలిసి ఆయన మండిపడ్డారు.

"అందులో నా మొహం కూడా చవగ్గానే పడుతుంది! అన్నిటికన్నా ఖరీదైన కార్డు కొనుక్కురా, లేదా ఇంటికి పో!"

పనికి సరిపడే కార్డు చూసి కొనుక్కున్న మనిషి నూకాలు. ఆమెకు చురుక్కుమంది. ఒక ఫొటో తీసి, కెమెరాలో కార్డు పెట్టే చోటి మూత తెరిచి మూసి, ఇంకోటి తీసింది. రెండూ చూపించింది.

"వీటిలో ఖరీదైన కార్డుదేదో తమరే చెప్పాలి బాబూ."

రాజావారు మీసం దువ్వారు. "రెండోదే! ఆ రాజసం చూడు. ఖరీదు దాగుతుందా?"

చుట్టాలంతా తలలూపారు.

"రెండూ నా చవక కార్డులోవే బాబూ, నేను మార్చలేదు. ఆ రాజసం తమరికి పుట్టుకతో వచ్చింది. దాన్ని దుకాణంలో దొరికే కార్డుకి కట్టబెడతామంటే నేనొప్పుకోను."

కాదంటే రాజసం తనది కాదనాలి. రాజావారు మీసం మీంచి చెయ్యి తీశారు. "నేనూ... అదే అంటున్నా. తియ్యి మరి."

నూకాలు తలెత్తుకుని కెమెరా పట్టింది. "గడ్డం కాస్త దించండి బాబూ."

రాజావారు దించారు.