బోర్లించిన గిన్నె

రాజుగారి వంటశాలలో సింగారమ్మది అందెవేసిన చెయ్యి, పెద్ద వయసు. ఏ దినుసునైనా కావాలని వాడకుండా వదిలితే, దాని మీద గిన్నె బోర్లించేది. మరిచిపోయిందేమోనని చూసినవాళ్ళకూ, తనకూ తర్వాత సందేహం రాకూడదని.

కొత్తగా వంటశాల పెత్తనానికి వచ్చిన గజపతిరాయుడు ఒకనాడు అలా బోర్లించిన గిన్నె ఎత్తాడు. కింద నూరిన మిరియాలు! గిన్నెతో సహా రాజు ముందుకు పరుగెత్తాడు.

"ప్రభూ, ముసలమ్మకు మతి తప్పింది. చారులో మిరియాలే మరిచిపోయింది. ఇంటికి పంపేయండి."

వెనకే వచ్చిన సింగారమ్మ ఆ మాట విన్నది. మతిమరుపన్న మాటంటేనే ఆమెకు హడలు. అయినా తల దించలేదు.

"ఏలినవారికి నోరు పూసిందని తెలిసే వెయ్యలేదు ప్రభూ."

"అబద్ధం! ఇప్పుడు అల్లుతోంది!"

"మరి మిరియాలు ఎక్కడ దొరికాయి బాబూ?"

"ఈ గిన్నె కింద!"

"మరిచిపోయినదాని మీద ఎవరైనా గిన్నె బోర్లిస్తారా? నిజంగా మరిస్తే రోట్లోనే ఉండిపోయేవిగా!"

రాజు ఫక్కున నవ్వాడు. "నీ వంటశాల నీదే అవ్వా."

వంటశాలకు తిరిగొచ్చాక కూడా రాయుడు ఊరుకోలేదు. ఇచ్చిన దినుసులన్నీ వేసి తీరాలనీ, వయసు మళ్ళినవాళ్ళు తన మాట వినాలనీ సలహాలు దంచాడు. సింగారమ్మ చివరిదాకా విని, ఆ గిన్నెనే తీసుకుని రాయుడి కాళ్ళ ముందు బోర్లించింది.

"ఇదేమిటి?"

"తమరి సలహాలు బాబూ. మరిచిపోయాననుకుంటారేమోనని."

అని, నిటారుగా నడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.