మలుగు నోట్లో రొయ్య

వరహాలు గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, నీళ్ళలోకి దింపుతారు. అండమాన్‌లోని ఒక తెలుగువాళ్ళ రేవులో ఊపిరి బిగబట్టి సముద్రంలో మునగడం నేర్పే ఆ పెద్దాయన పద్ధతి అది. శిష్యురాలు పైడితల్లికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ ఒకనాటి ఉదయం అడిగింది.

"గురువుగారూ, భయం పోయినవాళ్ళే కదా ఇంకొకరికి నేర్పాలి. నా భయం ఎప్పటికి పోతుంది?"

అడగడానికి కారణముంది. కిందటి వానలకు ముందు నీటి అడుగున ప్రవాహపు లాగుడు ఆమెను పగడపు దిబ్బ దాటించి ఈడ్చుకుపోయింది. పడవవాళ్ళు చూడబట్టి బతికింది. ఆ తరవాత మోకాలి లోతు దాటలేదు. ఇప్పుడు చూస్తే వరహాలు గారి గుండె బలహీనపడింది, మునగవద్దని డాక్టరు చెప్పాడు. మర్నాటి నుంచి రేవులోని ఆడపిల్లలకు నేర్పే పని నీదేనన్నారాయన. ఆమె కాదంటే ఆ పాఠం అక్కడితో ఆగిపోతుంది.

వరహాలు గారు సముద్రం వైపు చూశారు. నీరు వెనక్కి తీసే పాటు సమయం, నీళ్ళు తేటగా ఉన్నాయి. "దిబ్బ అంచున రాతి సందులో బుల్లి మలుగుపాము, అదే ఆ పాములాంటి చేప, కాపురం పెట్టిందమ్మా. జానెడు కూడా ఉండదు. అలాంటిది కంటపడ్డమే అరుదు. పద, మళ్ళీ దాక్కుంటుంది!" అంటూ చిన్నపిల్లాడిలా ముందు నడిచారు.

ఆయన పైనే తేలుతూ చెయ్యి పట్టుకున్నారు. పైడితల్లి దిబ్బ అంచున మోకాలి లోతులోనే ఆగి, ఈత కళ్ళద్దాలు బిగించుకుని ముఖం ముంచింది. పగడాల మధ్య వేలు దూరేంత సందులోంచి పసుపు కొమ్ములాంటి తల బయటికొచ్చింది. నీలి కళ్ళు. నోరు తెరుస్తోంది, మూస్తోంది. లోపల సూదుల్లాంటి పళ్ళు.

ఆమె చప్పున తల పైకెత్తింది. "కరిచేలా ఉంది గురువుగారూ!"

"ఊపిరి పీలుస్తోందమ్మా. సరిగ్గా చూడు."

మళ్ళీ ముంచింది. ఈసారి ఆ నోటి ముందు గోరంత రొయ్య ఊగుతోంది. గాజులాంటి ఒళ్ళు, మీద ఎర్ర చుక్కలు. మలుగు నోరు తెరిచింది. రొయ్య ముందుకొచ్చింది. దవడ కదలగానే వెనక్కి ఎగిరింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఎగిరింది. ఇంకా దగ్గరగా చూడాలని గురువుగారి చెయ్యి ఎప్పుడు వదిలిందో, నిలువు లోతు కిందికి ఎప్పుడు దిగిందో పైడితల్లికే తెలియదు. రొయ్య ఒక్క ఊపున ఆ పళ్ళ మధ్యకు వెళ్ళిపోయింది! నోరు సగం మూసుకుంది. అయిపోయిందనుకుంది పైడితల్లి. అంతలో నోరు తెరుచుకుంది. రొయ్య తాపీగా పంటి సందుల్లో ఇరుక్కున్న తిండి ముక్కలు గిల్లుకు తింటోంది. మలుగు కదలకుండా, తల దువ్వించుకుంటున్న పిల్లలా నిలబడి ఉంది.

ఊపిరి చాలక పైకి తేలి, ఉప్పునీళ్ళు ఉమ్ముతూ కేక పెట్టింది. "వెళ్ళింది గురువుగారూ! నోట్లోకే వెళ్ళింది! గోరంత ప్రాణి, దానికి భయమన్నదే లేదు!"

"లేదూ? మరి అన్నిసార్లు వెనక్కెందుకు ఎగిరిందంటావ్?" అన్నారాయన. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడే తన కాళ్ళకింద నేల లేదని గమనించింది.

మర్నాడు రేవు పిల్లలంతా కేరింతలు కొడుతూ ఒడ్డున నిలబడ్డారు. వరహాలు గారు ఒక రాతిమీద కూర్చున్నారు. పైడితల్లి అందరికంటే ముందు నీళ్ళలోకి నడిచింది. మోకాలి లోతు దాటింది, నడుము లోతు దాటింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. ముఖమంతా నవ్వే, పెదవులు మాత్రం వణుకుతున్నాయి.

"గురువుగారూ, భయం ఇంకా ఉంది!"

"ఉండనీయమ్మా," అని ఆయనా అంత గట్టిగానే అరిచారు. "దానిక్కూడా ఈత వచ్చులే!"